పేలుడు ఒకటి, లెక్కలు రెండు

డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవం. ఆ నెల సంచిక కోసం విశాఖపట్నంలో ఉండే ఒక రిటైర్డ్ సోషల్ మాస్టారు ఘాజీ జలాంతర్గామి మీద వ్యాసం రాసి పంపారు. అచ్చుకు వెళ్లే ముందు సంగతులు సరిచూసే పని, అదే పత్రికలో సబ్‌ఎడిటర్‌గా ఉన్న ఆయన మేనకోడలికి వచ్చింది. ప్రూఫు తిరిగొచ్చేసరికి మార్జిన్ల నిండా ఎర్ర సిరా. ఆ తర్వాత వాళ్లిద్దరి మధ్య నడిచిన వాదన ఇది.

మావయ్య: ఏటమ్మా ఇదీ? మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయావు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి మన ఐఎన్ఎస్ రాజ్‌పుత్ నీళ్ల కింద పేలే డెప్త్ చార్జీలు వేసి, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీని విశాఖ ముంగిట ముంచేసింది అని రాశాను. మా ఊళ్లో ఎవర్నడిగినా ఇదే చెప్తారు. ఇందులో నీకు కనబడిన తప్పేటి?

మేనకోడలు: తప్పని నేననలేదు మావయ్యా. ఆ ఒక్క వాక్యంలో ఐదు సంగతులున్నాయి. ఘాజీ మునిగింది. విశాఖ దగ్గరే మునిగింది. ఆ రాత్రే మునిగింది. ఆ రాత్రి రాజ్‌పుత్ డెప్త్ చార్జీలు వేసింది. ఘాజీ మునగడానికి ఆ చార్జీలే కారణం. మొదటి రెండిటికీ సముద్రం అడుగున శకలాలే సాక్ష్యం. నాలుగోది కూడా గట్టిదే. మూడోదాని మీద చిన్న పేచీ ఉంది. ఐదోదాని మీద యాభై ఏళ్లకు పైగా తగువు నడుస్తోంది. మీ వాక్యం చదివినవాడికి ఐదూ ఒకే బలంతో వినిపిస్తాయి. నా అభ్యంతరం అంతే.

మావయ్య: తగువు పెట్టినవాళ్లు ఎవరో కూడా చెప్పు మరి. పాకిస్తాన్‌వాళ్లు. తమ మైను తగిలి తామే పోయామనో, లోపల ప్రమాదం జరిగిందనో అంటారు. ఓడిపోయామని చెప్పడం కన్నా ప్రమాదం అని చెప్పుకోవడం వాళ్లకి సుఖం. ఆ మాట పట్టుకుని నా వాక్యం కొట్టేస్తావా?

మేనకోడలు: వాళ్ల మాట ఒక్కటే అయితే నేనూ పట్టించుకునేదాన్ని కాదు. పైగా ఆ రాత్రి అక్కడ ఏం జరిగిందో చెప్పడానికి వాళ్ల వైపు ఒక్కడు కూడా బతికి లేడు. కారణం విషయంలో వాళ్లది కూడా ఊహే. కానీ సందేహం మన వైపు నుంచే వచ్చింది. కోల్‌కతాలో తూర్పు సైనిక కమాండుకు చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా పనిచేసిన జేకబ్ గారు 1997లో వచ్చిన తన పుస్తకంలో ఏం రాశారో మీకు తెలుసు. డిసెంబరు 3 ఉదయమే తూర్పు నౌకాదళం అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఫోన్ చేసి, పాకిస్తాన్ జలాంతర్గామి శకలాలు జాలర్లకు దొరికాయని చెప్పారట. మర్నాడు మళ్లీ ఫోన్ చేసి, ఆ సంగతి ఢిల్లీకి చెప్పారా అని అడిగి, చెప్పలేదంటే నిన్నటి మాట మరిచిపొమ్మన్నారట. అదే నిజమైతే, రాజ్‌పుత్ రేవు దాటేసరికే ఘాజీ అడుగున పడి ఉంది.

మావయ్య: అదే నిజమైతే! చూశావా, నా వాక్యానికి ఐదు ముక్కలు చేసి తూకం వేశావు. జేకబ్ గారి మాటను మాత్రం ఏ ముక్కా చేయకుండా ఎదురు పెట్టావు. ఆయన నౌకాదళం మనిషి కాదు, సైన్యం మనిషి. ఆ రోజుల్లో ఆయన విశాఖలో లేరు. సంగతి జరిగి పాతికేళ్లు దాటాక రాశారు. చేతిలో కాగితం లేదు, ఫోన్‌లో విన్న మాట జ్ఞాపకం ఉంది. గెలుపులో ఎవరి వాటా ఎంత అని సైన్యానికీ నౌకాదళానికీ మధ్య పోటీ ఉండనే ఉంది. పేరున్న కథను కూలగొట్టే కథ వినబడగానే మీ వయసువాళ్లకి అదే నిజమనిపిస్తుంది. ఇదో రకం మూఢనమ్మకం కాదేటి?

మేనకోడలు: ఒప్పుకుంటున్నాను. జేకబ్ గారి మాటనూ విడదీద్దాం. అందులో రెండు సంగతులున్నాయి, తేదీ ఒకటి, రెండో ఫోన్ ఒకటి. నౌకాదళం చెప్పే కథలోనూ జాలర్లున్నారు, శకలాలున్నాయి. పేలుడు తర్వాత సముద్రం మీద తేలినవి తెచ్చి ఇచ్చింది వాళ్లే. జేకబ్ గారి జ్ఞాపకంలో ఒక్క రోజు జారి ఉంటే, 3 ఉదయం బదులు 4 ఉదయం అయి ఉంటే, రెండు కథలూ చాలావరకు కలిసిపోతాయి. పాతికేళ్ల తర్వాత ఒక రోజు తేడా రావడం ఎవరికైనా మామూలే.

మావయ్య: మరింకేం?

మేనకోడలు: కానీ ఆ రెండో ఫోన్ సంగతి తేదీ జారుడుతో సర్దుకోదు. నిన్న చెప్పింది మరిచిపొమ్మని ఎవరైనా ఎందుకంటారు? దానికి జవాబు లేకుండా ఆయన్ని పక్కన పెట్టలేను. అలాగని ఆయన ఒక్కరి మాట మీద మీ కథను కొట్టేయలేను. రెండూ రాసి, దేని బలం ఎంతో పాఠకుడికి చెప్పాలంటున్నాను.

మావయ్య: తేదీకి నేనే సాక్ష్యం. అప్పటికి నాకు పదేళ్లు. ఊరంతా బ్లాకవుట్. సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన ఎయిర్‌ఫీల్డుల మీద బాంబులు వేశాయని తెలిసిపోయింది. ఇందిరాగాంధీ మాట్లాడతారంటే మా నాన్న రేడియో దగ్గరే కూర్చున్నారు. అర్ధరాత్రి దాటాక కిటికీ అద్దాలు గడగడలాడాయి. ఆ చప్పుడు నా చెవులతో నేను విన్నాను.

మేనకోడలు: మీ మాటకు విలువ ఉంది, ఎందుకంటే అది ఉత్త చప్పుడు జ్ఞాపకం కాదు. దేశమంతా విన్న ప్రసంగానికి అది ముడిపడి ఉంది. ఆవిడ 3 అర్ధరాత్రి దాటాకే మాట్లాడారు, అందులో మార్పు లేదు. అలా ఒక స్థిరమైన సంగతికి ముడిపడ్డ జ్ఞాపకం, ఏ ముడీ లేనిదాని కన్నా గట్టిది. కానీ రెండు మాటలు. ఒకటి, ఆ ముడి ఆ రాత్రే పడిందా, యాభై ఏళ్లుగా ప్రతి డిసెంబరులో ఇదే కథ వింటూ ఉండగా తర్వాత పడిందా? మీ పెదనాన్న కొడుకునో, జాలారిపేటలో ఆనాటి పెద్దవాళ్లనో విడివిడిగా అడగాలి, ఒకరి మాట మరొకరికి చెప్పకుండా. రెండు, చప్పుడు పేలుడు జరిగిందని చెబుతుంది. పేల్చింది ఎవరో చెప్పదు.

మావయ్య: గడియారం చెబుతుంది కదా! ఘాజీలోంచి పైకి తెచ్చిన గడియారం సరిగ్గా ఆ పేలుడు వేళకే ఆగిపోయి ఉందని ఎన్ని చోట్ల రాశారు! అది రాజ్‌పుత్ చార్జీలు వేసిన సమయానికి సరిపోయింది.

మేనకోడలు: అది చాలాచోట్ల కనిపిస్తుంది. నా ప్రశ్న ఒకటే. ఆ గడియారం ఏ ఊరి టైము చూపిస్తోంది? ఘాజీ కరాచీ నుంచి వచ్చింది. కరాచీ టైము మనకన్నా అరగంట వెనక. అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని ఢాకా టైము మనకన్నా అరగంట ముందు. నౌకలు గ్రీనిచ్ టైము పెట్టుకోవడమూ ఉంది, అది ఐదున్నర గంటలు వెనక. మనకు రాత్రి 12:15 అయితే కరాచీ గడియారంలో 11:45, ఢాకా గడియారంలో 12:45, గ్రీనిచ్ గడియారంలో సాయంత్రం 6:45. గడియారం 12:15 దగ్గర ఆగిందని రాసినవాళ్లు, శత్రు జలాంతర్గామి భారత కాలమానం ఎందుకు పెట్టుకుందో చెప్పాలి. లెక్క కట్టి మార్చి రాశారంటే, ఏ టైము నుంచి మార్చారో చెప్పాలి.

మావయ్య: వేటాడే ఊరి టైము పెట్టుకుని ఉండొచ్చు. కరాచీ టైమే పెట్టుకున్నారని నీకెవరు చెప్పారు?

మేనకోడలు: ఎవరూ చెప్పలేదు. అందుకే గడియారం ఇంకా సాక్ష్యం కాలేదంటున్నాను. ఇలాంటి చిన్న వస్తువు కథకు ఎంత అందంగా అతుకుతుందో, అంత జాగ్రత్తగా చూడాలి. తేదీ గొడవలో సగం కూడా ఇలాంటిదే. మన ఇళ్లలో తెల్లవారితేగాని రోజు మారదు. నౌక లాగ్‌బుక్కులో అర్ధరాత్రికే మారుతుంది. మీరు 3 అర్ధరాత్రి అన్నదీ నౌకాదళం 4వ తేదీ అన్నదీ ఒకే ఘడియ కావచ్చు.

మావయ్య: సరే, వస్తువులు వదిలెయ్. మనిషిని చూడు. కృష్ణన్ గారు తూర్పు నౌకాదళానికి అధిపతి. ఆ పథకం ఆయనదే. మన విమానవాహక నౌక విక్రాంత్‌కు బాయిలర్‌లో పగులు, పూర్తి వేగం అందుకోలేదు. దాన్ని అండమాన్ల వైపు పంపించేసి, ముసలి డిస్ట్రాయర్ రాజ్‌పుత్‌ను విక్రాంత్‌లా నటించమన్నారు. పెద్ద నౌక చేసినన్ని వైర్‌లెస్ కబుర్లు చేయించారు. పెద్ద నౌకకు సరిపడే కూరగాయలు, మాంసం విశాఖ బజారులో పురమాయించారు. విక్రాంత్‌లో ఉన్నట్టుగా ఒక నావికుడి చేత, తల్లి ఆరోగ్యం ఎలా ఉందని మామూలు టెలిగ్రాం ఇప్పించారు, శత్రువుకి దొరకాలనే. ఘాజీ లేని విక్రాంత్ కోసం ఇక్కడికొచ్చి కూర్చుంది. డిసెంబరు 4న విక్రాంత్ విమానాలు తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్‌బజార్ మీద దాడి చేశాయి. ఇంత బుర్ర ఉన్న మనిషి తన పుస్తకంలో రాజ్‌పుత్ ముంచిందని రాస్తే, నువ్వు కాదంటావా?

మేనకోడలు: మావయ్యా, మీరు ఆయన్ని మెచ్చుకున్న కారణమే నాకు జాగ్రత్త నేర్పుతోంది. 1971 నవంబరులో అబద్ధాన్ని నిజంలా నమ్మించడం ఆయన ఉద్యోగం. ఆ ఉద్యోగాన్ని అద్భుతంగా చేశారు. విశాఖ బజారులో కూరగాయలు కొన్నవాళ్లతో సహా ఊరందరికీ విక్రాంత్ ఇక్కడే ఉందని చెప్పించారు. అంటే ఈ ఊరి జ్ఞాపకంలో కొంత భాగం, శత్రువును మోసం చేయడానికి ఆయన తయారుచేసిందే. అలాంటి యుద్ధంలో ఏ మాట శత్రువు కోసం చెప్పిందో, ఏ మాట చరిత్ర కోసం చెప్పిందో విడదీయడం కష్టం. ఘాజీ మునిగిందని మనం ప్రకటించింది డిసెంబరు 9న. అప్పటికి యుద్ధం ఇంకా నడుస్తోంది. ఆ రోజు ప్రకటనలో ప్రతి మాటకూ శత్రువు కూడా శ్రోతే.

మావయ్య: ఆ మాట ఒప్పుకోను. శత్రువుకి అబద్ధం చెప్పినవాడు సొంత జనానికీ చెబుతాడనడం అన్యాయం. యుద్ధంలో ఎత్తు వేయడం వేరు, విశ్రాంతిగా కూర్చుని జ్ఞాపకాలు రాయడం వేరు. ఆ లెక్కన ఏ సేనాని పుస్తకమూ నమ్మకూడదు.

మేనకోడలు: ఆయన అబద్ధమాడారని నేను అనడం లేదు. ఆయన కూడా కళ్లతో చూడలేదు కదా? నీళ్ల కింద జరిగింది ఎవరూ చూడలేదు. రాజ్‌పుత్ కెప్టెన్ లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ గారికి తెలిసింది, నీళ్లలో అలజడి కనబడిందని తమ కాపలావాళ్లు చెప్పారు, రెండు చార్జీలు వేశాం, ఆ తర్వాత పెద్ద పేలుడు వినబడింది అని. ఒకదాని తర్వాత ఒకటి జరిగింది కాబట్టి మొదటిదే రెండోదానికి కారణం అనుకోవడం నిజాయితీగల మనిషికీ సహజమే. దానికి అబద్ధం అక్కర్లేదు. యుద్ధాల్లో ఇది రోజూ జరుగుతుంది. 1940 సెప్టెంబరు 15న బ్రిటన్ గగనంలో జర్మన్ విమానాలు 185 కూల్చామని బ్రిటిష్‌వాళ్లు ప్రకటించారు. యుద్ధమయ్యాక జర్మన్ల రికార్డులు చూస్తే పోయినవి దాదాపు 60. పైలట్లు మోసగాళ్లు కారు. ఒకే విమానాన్ని ఇద్దరు ముగ్గురు కాల్చారు, ఎవరికి వారు తమదే అనుకున్నారు.

మావయ్య: అంటే శత్రువు నష్టం గురించి చెప్పే మాట నమ్మకూడదంటావు.

మేనకోడలు: శత్రువు నష్టం గురించి చెప్పే మాట అన్నిటికన్నా బలహీనమైనది. తన నష్టం గురించి తను చెప్పుకునేది బలమైనది. ఘాజీలో పోయినవాళ్లు 92 అని కొందరు, 93 అని కొందరు రాస్తారు. ఆ అంకె వరకూ పాకిస్తాన్ నౌకాదళం జాబితానే చూడాలి. వాళ్ల ఇళ్లకు కబురు పంపాల్సింది, పింఛను ఇవ్వాల్సింది వాళ్లే కాబట్టి లెక్క తప్పే అవకాశం తక్కువ. అదే పాకిస్తాన్‌వాళ్లు 1965లో ఇదే ఘాజీ మన ఐఎన్ఎస్ బ్రహ్మపుత్రను దెబ్బకొట్టిందని చెప్పుకున్నారు. బ్రహ్మపుత్ర ఆ తర్వాత ఏళ్ల తరబడి మన దళంలో తిరుగుతూనే ఉంది. అక్కడ వాదనే అక్కర్లేదు, నౌకే జవాబు.

మావయ్య: బ్రహ్మపుత్ర విషయంలో వాళ్లని తప్పుపట్టినదానివి, రాజ్‌పుత్ విషయంలో మనల్ని ఎందుకు తప్పుపట్టవు అని అడుగుతారు వాళ్లు. అదేనా నీ భయం?

మేనకోడలు: భయం కాదు, కొలత. ఒకే కొలత రెండు వైపులా పెట్టాలి. అదే వారం ఇంకో సంగతి చూడండి. డిసెంబరు 9 రాత్రి డయ్యూ దగ్గర మన యుద్ధనౌక ఖుక్రీని పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ ముంచింది. కెప్టెన్ ముల్లా గారు నౌకతోనే వెళ్లిపోయారు. దీని మీద తగువు లేదు. మన వైపు బతికి బయటపడ్డవాళ్లున్నారు, హంగోర్ క్షేమంగా ఇంటికి చేరి తన కథ తాను చెప్పింది, రెండూ కలిశాయి. కాల్చినవాడూ, దెబ్బతిన్నవాడూ ఒకే మాట చెబితే ఇంకేం కావాలి? ఘాజీ విషయంలో దెబ్బతిన్నవాళ్లలో ఒక్కరూ తిరిగి రాలేదు. తగువు మిగిలింది అందుకే. దేశభక్తి తక్కువై కాదు.

మావయ్య: ఆర్కైవులో వెతకొచ్చుగా.

మేనకోడలు:  ఘాజీ మునిగినదానికి సంబంధించిన ఫైళ్లు నౌకాదళం దగ్గర లేవని 2010లో పత్రికలు రాశాయి. అక్కడితో దారులు మూసుకుపోవు. ఆ రాత్రి రాజ్‌పుత్‌ను రేవు దాటించడానికి పైలట్ ఎక్కాడు కదా. ఏ నౌక ఎప్పుడు కదిలింది, పైలట్ ఎప్పుడు దిగాడు అనేది రేవు కూడా రాసిపెట్టుకుంటుంది. ఆ పుస్తకం దొరికితే కనీసం రాజ్‌పుత్ సమయాలు తేలతాయి. యుద్ధం గురించి నిజం ఎక్కువగా యుద్ధం కోసం రాయని కాగితాల్లోనే దొరుకుతుంది.

మావయ్య: పోనీ, మన నౌకాదళం చరిత్రే ఉందిగా? వైస్ అడ్మిరల్ హీరానందాని గారు రాసింది.

మేనకోడలు: నాకు ధైర్యం ఇచ్చింది ఆ పుస్తకమే. అధికారిక చరిత్రకారుడై ఉండి కూడా, డెప్త్ చార్జీలు, సొంత మైను, లోపలి పేలుడు అనే వాదాలను ఆయన పక్కపక్కన పెట్టారు. బ్యాటరీలు ఛార్జి చేసేటప్పుడు వచ్చే హైడ్రోజన్ పోగై పేలడం జలాంతర్గాములకు తెలియని ప్రమాదం కాదు. సొంత దళం తలుపులు తెరిచి ఉంచితే, మనం మూసేస్తామా?

మావయ్య: ఇలాగైతే పాఠకుడికి ఏం మిగులుతుంది? ఇదీ కావచ్చు, అదీ కావచ్చు అని చెప్పి చేతులు దులుపుకుంటే, ఆ ఖాళీలోకి సినిమా వస్తుంది. 2017లో వచ్చింది కదా! మన జలాంతర్గామి నీళ్ల కింద ఘాజీతో తలపడి ముంచేసినట్టు తీశారు. కృష్ణన్ గారు చెప్పలేదు, నౌకాదళం చెప్పలేదు, పాకిస్తాన్ చెప్పలేదు. ఇప్పుడు పిల్లలు బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి మ్యూజియం చూసి, ఘాజీని ముంచింది ఇదేనా అని అడుగుతున్నారు. నువ్వు సందేహాలు రాస్తావు, వాళ్లు కథ చెబుతారు. జనం కథనే గుర్తుపెట్టుకుంటారు. అందుకే తొంభై పాళ్లు నిజమున్న వాక్యాన్ని గట్టిగా చెప్పడం మేలంటాను.

మేనకోడలు: ఈ మాటలో బలముంది. రెండూ కావచ్చు అని ఊరుకోవడం సోమరితనమే. నేనడిగేది దానికి వ్యతిరేకం. తేలినవాటిని మీకన్నా గట్టిగా చెబుదాం. ఘాజీ విక్రాంత్ కోసం వచ్చింది. అది వలలో పడింది, ఆ వల కృష్ణన్ గారు పన్నింది. విక్రాంత్‌కు ఏమీ కాలేదు. విశాఖ రేవు ముంగిట ఘాజీ తన మనుషులందరితో మునిగింది. ఇందులో ఒక్కదానికి కూడా డెప్త్ చార్జీల అవసరం లేదు. మైను పేలినా, హైడ్రోజన్ పేలినా, ఘాజీ ఇక్కడ ఎందుకుంది అన్నదానికి జవాబు మారదు. మీ వ్యాసం ఆ గెలుపు బరువంతా రెండు డెప్త్ చార్జీల మీద మోపింది. రేపు అవి కావని తేలితే, ఆ పథకం కూడా బూటకమేనని జనం అనుకుంటారు. కృష్ణన్ గారికి అన్యాయం చేస్తున్నది నేను కాదు.

మావయ్య: ఊఁ. ఆ మాట నా వ్యాసంలో లేదు, ఒప్పుకుంటాను. కానీ రాజ్‌పుత్ మీద ఉన్న కుర్రాళ్లు? పాత నౌక మీద, కింద ఏముందో తెలియకుండా చీకట్లో బయల్దేరారు. వాళ్ల వాటా కొట్టేస్తావా?

మేనకోడలు: కొట్టేయను. రాజ్‌పుత్ ఆ రాత్రి దాడి చేసింది, ఆ వెంటనే పేలుడు వినబడింది, నౌకాదళం ఆ రెండింటినీ కార్యకారణాలుగా చూస్తోంది అని రాద్దాం. జేకబ్ గారి మాటా, దాని బలహీనతా పక్కనే రాద్దాం. గడియారం వాక్యం తీసేద్దాం.

మావయ్య: తేల్చే దారే లేదంటావా?

మేనకోడలు: ఉంది, నీళ్ల కింద. 2024లో నౌకాదళం కొత్త జలాంతర్గామి రక్షక వాహనంతో విశాఖ దగ్గర ఆ శకలాలను మళ్లీ గుర్తించిందని వార్తలొచ్చాయి. ఇదే తీరంలో 1944లో మునిగిన జపాన్ జలాంతర్గామి ఆర్‌ఓ-110 కూడా ఉంది కాబట్టి, ఏది ఏదో జాగ్రత్తగా చూడాల్సిందే. ఘాజీ ఉక్కు రేకులు లోపలికి వంగాయా, బయటికి చీలాయా అని తాకకుండా ఫొటోలు తీసినా చాలు. బయటికి చీలితే పేలుడు లోపలిది.

మావయ్య: అక్కడా తొందరపడకు. బయటి దెబ్బకు లోపలి టార్పెడోలో మైన్లో పేలితే కూడా రేకులు బయటికే చీలుతాయి. పైగా అది తొంభై మందికి పైగా పడుకున్న సమాధి. శత్రువులే కానీ, చనిపోయినవాళ్లు. మన ఊరి గొడవ కోసం వాళ్లని కదపకూడదు.

మేనకోడలు: రెండు మాటలూ వ్యాసంలో పెట్టండి. రెండూ నాకు తట్టలేదు. రేకుల సంగతి తేలినా రాజ్‌పుత్ ప్రశ్న పూర్తిగా తేలదని పాఠకుడికి ముందే చెప్పాలి.

మావయ్య: ఒక్కటి అడుగుతాను. రేకులు లోపలికి వంగి ఉన్నాయని రేపు ఫొటోలొస్తే, నువ్వు కొట్టేసిన నా మొదటి వాక్యం వెనక్కి పెడతావా?

మేనకోడలు: పెడతాను, ఆ నెల సంచికలోనే. బయటికి చీలి ఉంటే మీరేం చేస్తారు?

మావయ్య: పేలుడు లోపలిదేనని రాస్తాను. కానీ చార్జీల వల్ల కాదని ఎవరైనా రాస్తే, ఇవాళ నన్నడిగినట్టే వాళ్లనీ రుజువడుగుతాను.

మేనకోడలు: అడగండి. వాళ్ల ప్రూఫు కూడా నా దగ్గరికే వస్తుంది.